దగ్గరి గోదావరి, దూరపు గోదావరి

వేములవాడ రాజన్నను దర్శించుకుని, కొండగట్టు అంజన్న దగ్గర ఆగి, అటు నుంచి అటే ధర్మపురి పోయి గోదావరిలో మునిగి రావడం ఈ ప్రాంతపు జనానికి తరతరాల అలవాటు. ఆ మూడు గుళ్లనూ కలుపుతూ పటం మీద గీత గీస్తే అరవై కిలోమీటర్లు కూడా నిండవు. పొద్దున గోదావరి స్నానం చేసినవాళ్లు మధ్యాహ్నానికల్లా వేములవాడ గుడి ముందరి ధర్మగుండం మెట్ల మీద ఉంటారు. అంత దగ్గర్లో గోదావరి పారుతుంటే వేములవాడ చుట్టుపక్కల చెరువులు ఎందుకు ఎండాయి, చెలకలు ఎందుకు బీళ్లయ్యాయి? ఊరి పక్కన మూలవాగులో ఇసుక తప్ప ఏమీ మిగలని ఏడాదల్లా ఈ ప్రశ్న లేస్తూనే ఉండేది.

తీరా నీళ్ల కోసం దారి వేసినప్పుడు అది ధర్మపురి నుంచి రాలేదు. వాయవ్యాన ఉన్న పోచంపాడు దగ్గర, అదే గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ జలాశయం నుంచి 122 కిలోమీటర్ల వరద కాలువ తవ్వారు. ఆ కాలువ కూడా నేరుగా రాదు. కొండగట్టు గుట్టలకు అవతలి పక్కన తూర్పుకు పోయి, చుట్టు తిరిగి, వాగు దిగువన మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయంలో కలుస్తుంది. అంటే వాయవ్యం నుంచి బయల్దేరిన నీళ్లు వేములవాడకు ఆగ్నేయం నుంచి ఎదురొస్తాయి. దగ్గరి నదిని వదిలి దూరపు నదిని ఎందుకు పట్టుకున్నారు? పట్టుకున్నదాన్ని అంత చుట్టు ఎందుకు తిప్పారు?

పాలకుల నిర్లక్ష్యం, నిధుల కొరత అనే జవాబులు అందరికీ తెలిసినవే. వాటిలో నిజం ఉంది. అయితే ముందు నేలను అడగాలి. నేలను అడిగే పద్ధతి ప్రొఫైల్ గీయడం. పటం మీద ఒక గీత గీసి, ఆ గీత వెంట అడుగడుగునా నేల ఎంత ఎత్తులో ఉందో తీసి, దూరాన్ని అడ్డంగా, ఎత్తును నిలువుగా పెట్టి గ్రాఫు వేయడం. ఇంటి కంప్యూటర్ మీద ఇప్పుడు ఎవరైనా చేయగలిగిన పని ఇది. కాకపోతే ప్రతి మెట్టు దగ్గరా ఒక చిన్న మోసం పొంచి ఉంటుంది.

చేతికి ముందు దొరికే ఆధారం సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీటు. వేములవాడ ఉన్నది 56 జె/15 షీటులో. దాన్ని స్కాన్ చేస్తే గడులతో నిండిన బొమ్మ, అంటే రాస్టర్ అవుతుంది. కానీ ఆ గడిలో ఉండేది రంగు. గోధుమరంగు గడిని పట్టుకుని నీ ఎత్తెంత అని అడిగితే తన రంగు మాత్రమే చెప్తుంది. ఎత్తు కావాలంటే ఆ గోధుమ గీత వెంట పోయి, దాని మీద రాసిన అంకెను మనిషి కంటితో చదవాలి. 1:50,000 షీటులో ఆ గీతలు 20 మీటర్లకొకటి వస్తాయి. రెండు గీతల మధ్య నేల ఏం చేస్తుందో షీటు చెప్పదు. అయినా దాన్ని పక్కన పెట్టేయవద్దు. 320 మీటర్ల గీతను వేలితో వెంబడిస్తే మూలవాగు, మానేరు లోయల్లోకి అది ఎలా చొచ్చుకుపోయిందో కనిపిస్తుంది. మధ్య మానేరు పూర్తి నీటిమట్టం 318 మీటర్లు. ఎక్కడెక్కడిదాకా నీళ్లు నిలుస్తాయో ఆ గోధుమ గీత ఆనకట్ట రాకముందే దాదాపుగా గీసి పెట్టింది.

ఎత్తులే గడుల్లో ఉండే రాస్టర్ కావాలంటే ఆకాశం నుంచి కొలిచిన డేటా తీసుకోవాలి. 2000 ఫిబ్రవరి 11 నుంచి 22 దాకా ఎండెవర్ అంతరిక్ష నౌక 60 మీటర్ల పొడవైన బూమ్ చివర రెండో రాడార్ యాంటెనా పెట్టుకుని భూమి చుట్టూ తిరిగింది. ఆ కొలతల నుంచి పుట్టిందే ఎస్‌ఆర్‌టీఎం డేటా. మన ప్రాంతానికి మొదట 90 మీటర్ల గడులే బయటికొచ్చాయి. 30 మీటర్లవి అందరికీ అందింది 2014 తర్వాతే. ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం కలిపి ఒక ఫైలు. వేములవాడ ఫైలు పేరు ఎన్18ఇ078. అందులో 3,601 వరసలు, వరసకు 3,601 గడులు, గడికి రెండు బైట్లు. మొత్తం 2,59,34,402 బైట్లు. అంతకుమించి ఆ ఫైల్లో ఒక్క అక్షరం ఉండదు. పేరు లేదు, గీత లేదు, ఊరు లేదు. అన్నీ అంకెలే.

గుడి ఉన్న గడిని పట్టుకుందాం. వేములవాడ అక్షాంశం దాదాపు 18.467. వరసలు పైనుంచి, అంటే 19వ డిగ్రీ నుంచి మొదలవుతాయి కాబట్టి 19లోంచి 18.467 తీసేసి 3,600తో హెచ్చిస్తే 1,919వ వరస. రేఖాంశం 78.868. అందులోంచి 78 తీసేసి మళ్లీ 3,600తో హెచ్చిస్తే 3,125వ గడి. అక్కడి రెండు బైట్లు చదివితే ఎత్తు మీటర్లలో వస్తుంది. ఇక్కడే మొదటి మోసం. ఈ ఫైల్లో పెద్ద బైటు ముందు, చిన్న బైటు వెనక ఉంటాయి. మన కంప్యూటర్లు సాధారణంగా తిరగేసి చదువుతాయి. అలా చదివితే 320 కాస్తా 16,385 అవుతుంది, మూలవాగు ఎవరెస్టును దాటిపోతుంది. రాడార్‌కు ఏమీ అందని గడుల్లో మైనస్ 32,768 అని రాసి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే గ్రాఫులో పాతాళం దాకా బావులు పడతాయి. క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవన్నీ తనే చూసుకుంటుంది. 2022 నుంచి అందులో ప్రొఫైల్ గీసే సౌకర్యం కూడా చేరింది. కానీ ఒక్కసారైనా లెక్క చేతితో వేసినవాళ్లకే గ్రాఫులో ఏది నేలో, ఏది తప్పో కనిపెట్టే చూపు వస్తుంది.

ధర్మపురి 79వ రేఖాంశానికి అవతల ఉంది. కాబట్టి ధర్మపురి నుంచి కొండగట్టు మీదుగా వేములవాడకు గీసే గీత రెండు ఫైళ్ల మీదుగా పోతుంది, వాటిని ముందు అతికించాలి. గడి ఇక్కడ ఉత్తర దక్షిణాలకు 30.7 మీటర్లు, తూర్పు పడమరలకు 29.3 మీటర్లు. దూరం లెక్కించేటప్పుడు రెంటినీ ఒకటే అనుకుంటే గీత పొడవు తప్పుతుంది. ముప్పై మీటర్లకొక చుక్క చొప్పున దాదాపు రెండు వేల చుక్కల దగ్గర ఎత్తు తీసుకుంటే గ్రాఫు వస్తుంది.

మొదట వచ్చే గ్రాఫు నేలలా ఉండదు, మెట్లబావిలా ఉంటుంది. ఎత్తులు పూర్ణాంకాల్లో ఉండటం ఒక కారణం. చుక్క ఏ గడిలో పడితే ఆ గడి ఎత్తునే యథాతథంగా తీసుకోవడం రెండోది. చుట్టూ ఉన్న నాలుగు గడులను వాటి దూరాన్ని బట్టి కలిపి ఎత్తు లెక్కిస్తే మెట్లు కరిగిపోతాయి. ఆ తర్వాత స్కేలు సంగతి. సెంటీమీటరుకు రెండు కిలోమీటర్లు పెడితే గీత మొత్తం 30 సెంటీమీటర్ల కాగితంలో పడుతుంది. నిలువుకూ అదే స్కేలు పెడితే 170 మీటర్ల ఎత్తు ఒక మిల్లీమీటరు కూడా రాదు. పెన్సిల్ గీత మందంలో కొండగట్టు మునిగిపోతుంది. అందుకే నిలువును యాభై రెట్లో వంద రెట్లో సాగదీయాలి. సాగదీసిన సంగతి గ్రాఫు మీద రాసి తీరాలి. రాయకపోతే చూసినవాళ్లు జగిత్యాల దాటగానే హిమాలయం ఉందనుకుంటారు.

ఇప్పుడు గ్రాఫు చదవొచ్చు. ఎడమ కొసన గోదావరి. అక్కడి నుంచి నేల మెల్లగా లేస్తూ జగిత్యాల వైపు మైదానంలోకి వస్తుంది. ఆ పైన ఉన్నట్టుండి గుట్టల వరస నిటారుగా లేస్తుంది. అదే కొండగట్టు. దాన్ని దాటాక దక్షిణానికి దిగి మూలవాగు లోయలో, వేములవాడలో ఆగుతుంది.

గుట్ట అడ్డం వచ్చింది, అందుకే గోదావరి రాలేదు అని ఎవరికైనా తోస్తుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. కానీ గ్రాఫు మీద గుట్టను చేత్తో మూసి రెండు కొసలనే చూడండి. కుడి కొస ఎడమ కొస కంటే వంద మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. రేపు కొండగట్టును మాయం చేసినా గోదావరి వేములవాడకు రాదు, వేములవాడ నీళ్లే ధర్మపురికి పోతాయి. నిజానికి ఇప్పుడూ గోదావరికే పోతున్నాయి, గుట్టను చుట్టి. మూలవాగు మానేరులో, మానేరు మంథని దిగువన గోదావరిలో కలుస్తున్నాయి కదా. గుట్ట మీద వేసిన నింద సగమే నిజం. అసలు సంగతి నది పల్లంలో ఉండటం, ఊరు ఎత్తుగడ్డ మీద ఉండటం.

ఈ మాట నమ్మాలంటే ఇంకొకరి సాక్ష్యం కావాలి. 2005 మేలో ఇస్రో పంపిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల్లో ఫొటో తీసేది. ఆ జంట ఫొటోల నుంచి తయారైన కార్టోడెమ్ ఎత్తులను హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ వెబ్‌సైట్ ద్వారా ఉచితంగా ఇస్తోంది. అదే గీత, అవే చుక్కలు, డేటా మాత్రం మార్చి మళ్లీ గ్రాఫు వేస్తే ఆకారం అచ్చంగా అదే వస్తుంది. గుట్ట గుట్ట దగ్గరే, లోయ లోయ దగ్గరే. కానీ మొత్తం గీత డెబ్బై మీటర్లకు అటూఇటూగా కిందికి జారి ఉంటుంది. కొస నుంచి కొస దాకా ఒకేలా జారడమే ఇందులో ముఖ్యమైన ఆధారం. ఒకచోట తేడా వస్తే అది కొలత దోషం అనుకోవచ్చు. అంతటా ఒకే తేడా వచ్చిందంటే కొలవడం మొదలుపెట్టిన సున్నా వేరన్నమాట.

ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే జియాయిడ్ నుంచి లెక్కించినవి. కార్టోడెమ్ ఎత్తులు భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించి దాని ఉపరితలం నుంచి కొలిచినవి. ఈ రెండూ అన్నిచోట్లా కలవవు. మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువ కావడం వల్ల జియాయిడ్ ఆ దీర్ఘగోళానికి 106 మీటర్ల దాకా కిందికి కుంగింది. ప్రపంచంలో ఇంత లోతు కుంగుడు ఇంకెక్కడా లేదు. దాని వాలు తెలంగాణ కిందికి కూడా వస్తుంది. మన ప్రాజెక్టుల నీటిమట్టాలన్నీ సముద్రమట్టం లెక్కలో ఉంటాయి. విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్ల మట్టం కొలిచి, 1909లో దేశమంతటికీ స్థిరపరచిన లెక్క అది. ఒక గ్రాఫును దాని సున్నా ఏమిటో అడగకుండా జలాశయపు మట్టంతో పోలిస్తే మధ్య మానేరు కట్ట మీదుగా డెబ్బై మీటర్ల ఎత్తున నీళ్లు నిలిచినట్టు తేలుతుంది. ఈ ఒక్క జాగ్రత్త లేక ఎన్ని మంచి గ్రాఫులు పాడైపోతాయో. సున్నా సరిచేశాక రెండు గీతలూ కొద్ది మీటర్ల తేడాతో ఒకదాని మీద ఒకటి వాలతాయి. సాక్ష్యం నిలబడింది.

ఇక దూరపు గోదావరి. పోచంపాడు నుంచి వేములవాడకు నేరుగా గీత గీస్తే 78 కిలోమీటర్లు. ఆ గీత ఎడమ కొసన గ్రాఫు బల్లపరుపుగా ఉంటుంది. అది శ్రీరాంసాగర్ నీటి ముఖం. రాడార్ నీటి అడుగును చూడలేదు. పైగా డేటా సిద్ధం చేసినవాళ్లు పెద్ద జలాశయాలను ఒకే మట్టానికి చదును చేశారు. కాబట్టి అక్కడ కనిపించేది 2000 ఫిబ్రవరిలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఆ మట్టం. ఆ అంకెను పట్టుకుని కాలువ లెక్క వేయకూడదు. ప్రాజెక్టు నిండితే ఎంత అన్నది తీసుకోవాలి. 1,091 అడుగులు, అంటే 332.54 మీటర్లు.

ఇప్పుడు మూడు అంకెలు పక్కపక్కన పెడదాం. శ్రీరాంసాగర్ 332.54. మధ్య మానేరు 318. ధర్మపురికి దిగువన గోదావరి మీది ఎల్లంపల్లి జలాశయం 148. చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. పోచంపాడు దగ్గర ఆనకట్ట వెనక నిండుగా నిలిచిన గోదావరి వేములవాడ కంటే ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఎల్లంపల్లి చేరేసరికి 184 మీటర్లు దిగిపోయింది. మనకు అతి దగ్గరగా వచ్చే చోటికి రాకముందే తన ఎత్తంతా ఖర్చు చేసుకుంది. దిగిపోయాక అడగడం కంటే దిగకముందే పట్టుకోవడం మేలు. పోచంపాడు నుంచి నీళ్లు మళ్లించడంలో ఉన్న కిటుకంతా అదే.

మరి 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ఎప్పుడో వచ్చింది కదా, జగిత్యాల, గంగాధర మీదుగా కరీంనగర్ దాకా పారింది కదా, వేములవాడ ఎందుకు మిగిలిపోయింది? దానికీ అంకెలోనే జవాబుంది. ఆ కాలువ చేరేది దిగువ మానేరు. దాని మట్టం 920 అడుగులు, 280.42 మీటర్లు. మధ్య మానేరు కంటే 37 మీటర్లు కింద. కరీంనగర్‌లో నీళ్లు నిండుగా కనిపిస్తున్నా ముప్పై అయిదు కిలోమీటర్ల ఎగువన ఉన్న వేములవాడకు అవి వెనక్కి ఎక్కలేవు. ఎగువన వేరే కాలువ, వేరే జలాశయం కావాల్సి వచ్చింది.

చుట్టుదారి సంగతి తేల్చడానికి తిన్నటి గీతలు పనికిరావు. రాస్టర్‌లో 318కి, 333కి మధ్య ఎత్తున్న గడులకు మాత్రమే రంగు వేసి చూడాలి. అలా చూస్తే కొండగట్టు గుట్టల ఉత్తరపు పాదాల వెంట, మెట్‌పల్లి వైపు నుంచి కథలాపూర్, మేడిపల్లి, మల్యాల మీదుగా తూర్పుకు సాగే ఒక పట్టీ తేలుతుంది. రామడుగు, గంగాధర దగ్గర గుట్టలను చుట్టి దక్షిణానికి తిరిగి మానేరు లోయలోకి దిగుతుంది. వరద కాలువ పోయింది ఆ దారినే. నీళ్లకు దగ్గరి దారి అంటే పొట్టి దారి కాదు, ఎత్తు పోగొట్టుకోని దారి.

కాలువలో దించడానికి మిగిలిన ఎత్తు ఎంత? 332.54లోంచి 318 తీసేస్తే పద్నాలుగున్నర మీటర్లు. 122 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 12 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ఆకాశం నుంచి కొలిచిన డేటా హద్దు ఇక్కడ బయటపడుతుంది. ఎస్‌ఆర్‌టీఎంకు ముందే పెట్టుకున్న దోషపరిమితి 16 మీటర్లు. వాస్తవంలో అంతకంటే చాలా నయంగా వచ్చినా, కాలువ మొత్తం వాలు ఆ పరిమితిలోనే ఇమిడిపోతుంది. రాడార్ అలలు టేకు చెట్ల పైకొమ్మలకే తగిలి తిరిగి వస్తాయి కాబట్టి అడవి ఉన్నచోట నేల ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. కాబట్టి గుట్ట ఎక్కడుంది, లోయ ఎటు తిరిగింది, నది ఎంత కింద ఉంది అని అడిగితే రాస్టర్ నమ్మకంగా చెప్తుంది. ఈ కాలువలో నీళ్లు పారతాయా అని దాన్ని అడగకూడదు. అది నేల మీద లెవెల్ పరికరం పెట్టి, కర్ర నిలబెట్టి, ఎండలో నడిచి తేల్చిన మాట. ఎండలో కర్ర పట్టుకుని నిలబడ్డవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు, కానీ ఆ 12 సెంటీమీటర్లు వాళ్లవి.

వేములవాడ నుంచి మాన్వాడ కట్ట దాకా ఇంకో గీత గీస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఈ రోజు ఆ దారిలో చాలా మేర నీళ్లే. గ్రాఫులో మాత్రం నీళ్లు లేవు. మూలవాగు ఒడ్డులు, ఒర్రెలు, వాగు మానేరులో కలిసే పల్లం, అన్నీ యథాతథంగా ఉన్నాయి. ఎందుకంటే ఎండెవర్ మన పైనుంచి పోయిన 2000లో ఇక్కడ జలాశయం లేదు. అనుపురం, రుద్రవరం, కొడుముంజ, చింతల్‌ఠాణా, చీర్లవంచ, వరదవెల్లి ఊళ్లు ఉన్న నేల అది. 25 టీఎంసీలకు పైగా నీళ్లు నిలపడానికి ఆ ఊళ్లవాళ్లు ఇళ్లూ పొలాలూ వదిలి పునరావాస కాలనీలకు పోయారు. గ్రాఫును 318 దగ్గర అడ్డంగా ఒక గీతతో కోసి, దాని కింద ఎంత నేల ఉందో చూస్తే, ఒక్కో ఊరి మీద ఇప్పుడు ఎన్ని మీటర్ల నీళ్లు ఉన్నాయో అంచనాగా చెప్పొచ్చు. ముంపు ఊళ్ల పిల్లలకు బడిలో ఈ గ్రాఫు గీయించాలని నాకు గట్టిగా ఉంది. వాళ్ల తాతల పొలం గట్టు ఏ ఎత్తులో ఉండేదో చెప్పగల రికార్డుల్లో ఇదొకటి.

కాలువ చుట్టు తిరిగే గంగాధర మండలంలోనే కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల కాలంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. తెలుగు కంద పద్యాలు అందులో ఉన్నందుకు మనకది గొప్ప. అదే శాసనం అతడు కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించిన సంగతి కూడా చెప్తుంది. ఈ గుట్టల పాదాల దగ్గర, ఈ ఎత్తుగడ్డ మీద, పైనుంచి పడ్డ వానను పట్టుకోవడమే ఆనాడు దారి. కింద పారే గోదావరిని పైకి తెచ్చే సాధనం అప్పుడు లేదు.

ఇప్పుడు ఉంది. 2019లో కాళేశ్వరం పథకం కింద ఎల్లంపల్లి 148 నుంచి నంది మేడారం 233కు, అక్కడి నుంచి సొరంగాల్లో రామడుగు మండలం లక్ష్మీపూర్‌కు నీళ్లు తెచ్చి, భూగర్భంలో పెట్టిన ఏడు పంపులతో, ఒక్కొక్కటి 139 మెగావాట్లు, వరద కాలువలోకి ఎత్తారు. దగ్గరి గోదావరి చివరికి అలా వచ్చింది. ఎల్లంపల్లి నుంచి మధ్య మానేరు దాకా 170 మీటర్ల తేడాకు కరెంటు కట్టి తెచ్చుకున్న నీళ్లివి. దూరపు గోదావరికి కరెంటు ఖర్చు లేదు, కానీ శ్రీరాంసాగర్‌కు వరద రాని ఏడాది ఆ దారి ఎండిపోతుంది. రెండింట్లో ఏది మేలన్నది గ్రాఫు చెప్పదు. వాన ఎక్కడ పడుతుందో దానికి తెలియదు.

కిలోమీటరుకు 12 సెంటీమీటర్ల లెక్క సరైనదేనని చెప్పే ఆఖరి సాక్ష్యం కూడా ఈ కాలువే ఇచ్చింది. శ్రీరాంసాగర్ పునరుజ్జీవ పథకంలో రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ దగ్గర పంపులు పెట్టి, లక్ష్మీపూర్‌లో ఎత్తిన నీళ్లను అదే కాలువలో వెనక్కి, పోచంపాడు వైపు నడిపించారు. వాలు అంతకంటే చాలా ఎక్కువగా ఉంటే నూరు కిలోమీటర్ల దారిని మూడు మెట్లలో వెనక్కి ఎక్కించడం అయ్యే పని కాదు.

318 గీతకు పైన ఉన్న ఊళ్లకు మాత్రం పాత ప్రశ్న పాతగానే ఉంది. వేములవాడ నుంచి వాయవ్యంగా చందుర్తి, రుద్రంగి వైపు ఒక గీత గీస్తే నేల లేస్తూనే పోతుంది. కోనరావుపేట మండలంలో మల్కపేట జలాశయానికి మధ్య మానేరు నుంచి మళ్లీ ఎత్తిపోయాల్సి వచ్చింది. కథలాపూర్, రుద్రంగి వైపు వాళ్లు కలికోట సూరమ్మ చెరువు నీళ్ల కోసం అడుగుతున్నారు. ఆ గీత గీసేటప్పుడు సున్నా ఎక్కడిదో, డేటా ఏ ఏటిదో గ్రాఫు మూలన రాసి పెట్టుకోవాలి.